మిర్చి వచ్చు, కుర్చీ రాదు: సుగ్గికి వెళ్లే ఒక పాపతో చదివించిన అనుభవం

నేపథ్యం

కర్నూలు జిల్లా పడమటి మండలాల్లో సంక్రాంతి దగ్గర పడుతోందంటే బడి పలచబడుతుంది. వాన మీద ఆధారపడ్డ చేలు కాబట్టి ఇంటి దగ్గర పంట పని అయిపోగానే జనం సుగ్గికి, అంటే కూలి పనుల కోసం వలసకు, బయల్దేరతారు. ఎక్కువమంది గుంటూరు, పల్నాడు వైపు మిర్చి కోతలకు పోతారు, కొందరు తెలంగాణలో ఖమ్మం దాకా వెళ్తారు. ముసలివాళ్లు ఊళ్లో ఉండిపోతారు. పిల్లలు చాలావరకు అమ్మానాన్నలతోనే వెళ్తారు. తిరిగి వచ్చేది ఉగాదికి అటూ ఇటూ.

అలాంటి ఒక ఊళ్లో మండల పరిషత్ ప్రాథమిక పాఠశాల మాది. అరవై లోపు పిల్లలు, విద్యా హక్కు చట్టం లెక్క ప్రకారం ఇద్దరు టీచర్లు, ఐదు తరగతులు. ఒకటి, రెండు తరగతులు మా సార్ చూస్తారు. మూడు, నాలుగు, ఐదు తరగతుల పిల్లలు నా దగ్గర ఒకే గదిలో కూర్చుంటారు. ఒక్కో పిల్లకు తన అవసరాన్ని బట్టి చెప్పాలని ట్రైనింగుల్లో అన్నప్పుడల్లా వెనక బెంచీల్లోంచి వచ్చే ప్రశ్న ఒకటే: "ఎప్పుడు చెప్పాలి సార్?" న్యాయమైన ప్రశ్నే. కింద రాసిన పనంతా ఆ ఒక్క గదిలో, ఆ మూడు తరగతుల మధ్యే జరిగింది.

పాప నాలుగో తరగతి. పేరు, ఊరు, సంవత్సరం రాయడం లేదు. ఇంటి వివరాలు కొన్ని మార్చాను.

జూన్‌లో కనిపించింది

మేము ఏడాది మొదట్లో ప్రథమ్ సంస్థ పద్ధతిలో చదివించి చూస్తాం. అక్షరం, పదం, పేరా, కథ అని నాలుగు మెట్లు. పల్లె పిల్లల చదువు ఏ స్థాయిలో ఉందో చూసే అసర్ సర్వేలో 2005 నుంచి వాడుతున్నది కూడా దాదాపు ఈ తరహా పరీక్షే. పాప 'పదం' మెట్టు దగ్గర ఆగింది. పలక, ఉడుత, తామర లాంటివి గబగబా చదివేసింది. పేరా ఇస్తే మొదటి వాక్యంలోనే చిక్కుకుని తల దించుకుంది.

మూడో తరగతి రికార్డులో "బాగా వెనుకబడిన విద్యార్థిని" అని ఉంది. కానీ నోటితో ఏది అడిగినా చురుగ్గా చెప్పేది. కిలోకు ఇంత చొప్పున అమ్మ రోజుకు ఇన్ని కిలోల కాయ కోస్తే వారం కూలి ఎంత అంటే వేళ్లు కూడా మడవకుండా చెప్పేసింది. అదే లెక్క పుస్తకంలో "మొత్తం ఎంత ఖర్చు అయింది?" అని అచ్చులో కనిపిస్తే జవాబు చోటు ఖాళీగా వదిలేసేది. గణితంలో తక్కువ గ్రేడు రావడానికి కారణం గణితం కాదని అప్పుడే అర్థమైంది.

వాళ్లమ్మను పిలిపించి మాట్లాడాను. "మా పాపకు సదువు అబ్బదులే మేడమ్. సుగ్గికి వస్తే తమ్మున్నన్నా చూసుకుంటాది" అంది. కోపంగా అన్న మాట కాదు. మూడేళ్లుగా బడి తనకు చెబుతున్న మాటనే తిరిగి నాకు చెప్పింది.

డిస్లెక్సియా, అంటే చదవడంలో ఉండే వైకల్యం ఏమో, ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ఉన్న భవిత కేంద్రానికి రాస్తే మంచిదని మా సార్ అన్నారు. కొట్టిపారేయాల్సిన మాట కాదు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం నిర్దిష్ట అభ్యసన వైకల్యాన్ని గుర్తించింది కాబట్టి, ఆ అనుమానం ఉంటే పంపాల్సిందే. బడికి వచ్చే ఆరోగ్య బృందం పాప చూపు, వినికిడి చూసి బాగానే ఉన్నాయంది. నేను కొంత ఆగుదామన్నాను. కారణం ఏమిటంటే, ఒత్తు లేని పదాల్లో పాప తప్పులు చేయడం లేదు. గుణింతాల్లో దీర్ఘాలు కూడా సరిగ్గా పలుకుతోంది. చదవడంలోనే ఇబ్బంది ఉన్న పిల్లకైతే అక్కడా ఇక్కడా తడబాటు కనిపించాలి. ఈ పాప ఒక గీత దాకా నున్నగా వచ్చి, సరిగ్గా ఆ గీత దగ్గర ఆగిపోతోంది. ముందు ఆ గీత ఏమిటో చూడాలి, నేర్పిన తర్వాత కూడా నిలవకపోతే అప్పుడు రాద్దాం అనుకున్నాం.

మొదట చేసినవి, అవి ఎందుకు పనిచేయలేదంటే

పదం మెట్టు దగ్గర ఆగినవాళ్లందరినీ ఒక గుంపు చేసి, రోజూ మొదటి పీరియడ్‌లో అక్షరాల చార్టు, గుణింతాలు మళ్లీ మొదటి నుంచి చెప్పాం. వెనకబడిన పిల్లలంటే అ, ఆ నుంచి మొదలుపెట్టడం మనకు అలవాటు, పునాది గట్టిపడుతుందని నమ్మకం. పాప ఆ గుంపులో వెలిగిపోయింది. చార్టు దగ్గర బెత్తం పట్టుకుని మిగతావాళ్ల చేత చదివించేది కూడా తనే. బయటి నుంచి చూస్తే ఎంత పురోగతో అనిపిస్తుంది. ఆగస్టులో మళ్లీ పేరా ఇస్తే జూన్‌లో ఎక్కడ ఆగిందో అక్కడే ఆగింది. వచ్చినదాన్నే మళ్లీ చెప్పినంత కాలం రానిది ఎలా వస్తుంది?

తర్వాత ఐదో తరగతిలో బాగా చదివే అమ్మాయి పక్కన కూర్చోబెట్టాను. నేను ఒక్కదాన్నే మూడు తరగతులకు చాలను, తోటి పిల్లలు చెబితే భయం కూడా ఉండదు. వారం తిరిగేసరికి పాప పాఠం మొత్తం గడగడా చదవడం మొదలుపెట్టింది. కొంచెం అనుమానం వచ్చి, పేజీ మీద అట్ట కప్పి మధ్యలోంచి ఒక పదం మాత్రమే కనపడేలా పెట్టాను. రాలేదు. ఇంకొకటి పెట్టినా రాలేదు. పక్క పిల్ల చదువుతుంటే విని కంఠతా పట్టేసింది. జ్ఞాపకశక్తి బాగున్న పిల్లల విషయంలో ఈ జంట పద్ధతి టీచర్ కళ్లు కప్పుతుంది. గట్టిగా చదివిస్తున్నాం కాబట్టి వచ్చేసిందనుకుంటాం.

మూడోది ఒత్తుల షీటు. ఒత్తులు రావని అప్పటికి తేలిపోయింది కాబట్టి క ఒత్తు నుంచి వరసగా అన్నీ రాయించాను. అందంగా రాసింది. ఒత్తుల పేర్లు కూడా చెప్పడం మొదలుపెట్టింది. పదంలో పెడితే మాత్రం మళ్లీ మొదటికే వచ్చింది.

తప్పులు రాసుకున్నాక

ఇక్కడి నుంచి పని మలుపు తిరిగింది కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను. రెండో తరగతి వాచకంలోంచి ఒక పేజీ ఇచ్చి, పాప ఏది ఎలా పలికితే అలాగే నోట్‌బుక్‌లో రాసుకున్నాను. మధ్యలో సరిదిద్దలేదు, సాయం చేయలేదు. రోడ్డును "రోడుడ" అంది. చెట్టు "చెటుట" అయింది. అన్నం "అనం", బొమ్మ "బొమ", చక్రం "చకం".

వరసగా రాసి చూస్తే ఇవి రెండు రకాల తప్పులు. డ, ట, చ లాంటి ఒత్తులు చూడటానికి అసలు అక్షరంలాగే ఉంటాయి, కాబట్టి పాప వాటిని గుర్తుపడుతోంది. కానీ పై అక్షరాన్ని దాని గుర్తుతో సహా ముందు పలికేసి, కింది అక్షరాన్ని విడిగా తర్వాత పలుకుతోంది. త, న, మ, య, ర, ల ఒత్తులకు అసలు అక్షరంతో పోలిక ఉండదు. వాటిని పాప అక్షరాలుగానే లెక్కపెట్టడం లేదు, దాటేసి పోతోంది.

మొదటి రకం తప్పులో పాపను తప్పుపట్టడానికి ఏమీ లేదు. తెలుగు రాత అలాగే ఉంటుంది. 'ర్చి' రాసేటప్పుడు గుడి ర మీద పెడతాం, చ కింద వేలాడుతుంది. పలికేటప్పుడు ఆ గుడి చకారానికి పోతుంది. పై నుంచి కిందికి ఉన్నది ఉన్నట్టు చదివితే "రిచ" అనే వస్తుంది. మనకు చిన్నప్పుడే అలవాటైపోయింది కాబట్టి కన్ను ఎగిరి ఎక్కడ వాలుతుందో గమనించం. ఆ ఎగురుడు ఎవరో ఒకరు ఒకసారి చూపించాలి. పాపకు ఎవరూ చూపించలేదు.

ఎందుకు చూపించలేదో పాత హాజరు పట్టీలు తీస్తే తెలిసింది. ఒకటో తరగతిలో సంక్రాంతి నుంచి బడికి రాలేదు. రెండులోనూ అంతే, మూడులోనూ అంతే. మా బడిలో ఒకటో తరగతిలో అక్షరాలు, గుణింతాలు అయ్యేసరికి సంక్రాంతి వస్తుంది, ఒత్తులు ఆ సెలవుల తర్వాతే మొదలవుతాయి. రెండో తరగతి జూన్‌లో పునశ్చరణ అంటే మళ్లీ అక్షరాలు, గుణింతాలే. ద్విత్వాలు ('అక్క'లో లాగా అదే హల్లుకు అదే ఒత్తు), సంయుక్తాలు ('మిర్చి'లో లాగా వేరే హల్లు ఒత్తు) మళ్లీ రెండో అర్ధభాగంలోనే. అంటే పాప ప్రతి ఏడాదీ అదే మొదటి సగం విని, అదే రెండో సగం పోగొట్టుకుంది. పైగా మేము ఆగస్టు దాకా మరోసారి ఆ మొదటి సగమే వినిపించాం.

పలక మీద మొదలైన పని

ఒక విషయం తేడాగా ఉంది. పాప 'మిర్చి' అనే పదాన్ని తడుముకోకుండా చదివేది. బస్తాల మీద, కోల్డ్ స్టోరేజీల గోడల మీద అన్నేళ్లుగా చూసింది. 'కర్నూలు' కూడా అంతే, బస్సు బోర్డు పుణ్యమా అని వచ్చింది. పలక మీద 'కుర్చీ' రాసి చూపిస్తే "కురీచ" అంది. మళ్లీ 'మిర్చి' రాయించి, 'మి' చెరిపి 'మా' పెట్టాను. ఇందాక చదివిన ముక్కే పక్కన ఉన్నా, కొంచెం ఆగి "మారిచ" అంది. మిర్చి పాపకు ఒక బొమ్మలా వచ్చు, ముక్కలుగా రాదు.

మొదలు పెట్టాల్సింది ఇక్కడేనని నిర్ణయించుకున్నాను. వాచకాల వరసలో ముందు ద్విత్వాలు, తర్వాత సంయుక్తాలు వస్తాయి. ఆ వరస తిరగేశాను. దానికి నా కారణం ఇది: 'అక్క' అన్నప్పుడు రెండు కకారాలు చెవికి ఒకటిగా కలిసిపోతాయి, అక్కడ రెండు అక్షరాలున్నాయని పిల్ల విననే వినదు. 'మిర్చి'లో ర వేరు, చ వేరు, రెండూ స్పష్టంగా వినిపిస్తాయి. విన్న రెండు ధ్వనులకు కంటి ముందు రెండు గుర్తులు వెతుక్కోవడం సులువు. అందరికీ ఇదే వరస మంచిదని చెప్పను. మిర్చి బాగా తెలిసిన ఈ పాపకు మాత్రం ఇది దగ్గరి దారి.

పాత క్యాలెండర్ అట్టలు కత్తిరించి మూడు రకాల ముక్కలు చేశాం. తలకట్టు తీసేసిన పై అక్షరాలు ఒక రకం, కింద పెట్టే ఒత్తులు రెండో రకం. గుడి, కొమ్ము లాంటి గుణింతపు గుర్తులను పుస్తకాల ప్లాస్టిక్ అట్ట ముక్కల మీద స్కెచ్ పెన్నుతో గీశాం, జరిపితే కింది అక్షరం కనిపించాలి కాబట్టి. పాప ముందు ర పెట్టి "ర్" అనాలి, కింద చ పెట్టాలి, ప్లాస్టిక్ గుడిని వేలితో పై నుంచి కిందికి జరుపుతూ "చి" అనాలి. చదవడం అయ్యాక గుడిని మళ్లీ దాని చోట, ర మీద పెట్టాలి. గుడి కూర్చునేది ఒక చోట, పలికేది ఇంకో చోట అని వేలికి తెలిసింది. మిర్చి నుంచి మార్చి, మార్చి నుంచి ఖర్చు, కుర్చీ, చర్చ. 'ఖర్చు' రాగానే గణితం పుస్తకం తీసి ఆ పాత లెక్క ముందు పెట్టాను. చదివి, కాగితం మీద ఏమీ వేయకుండా జవాబు చెప్పేసింది.

ఆ తర్వాత డ, ట, ద ఒత్తుల ద్విత్వాలకు వెళ్లాం: రోడ్డు, చెట్టు, ముద్ద. ఇక్కడ పెద్దగా కష్టపడలేదు. కష్టమైంది త, న, మ, య, ర, ల. వాటిలో జరపడానికి ఏమీ లేదు, కొత్త ఆకారాలను కొత్తగా పరిచయం చేసుకోవడమే. ఒకేసారి అన్నీ ఇవ్వకుండా, ఒకటి నిలిచాకే ఇంకొకటి ఇచ్చాను. పదాలు మాత్రం పాప నోట్లో ఉన్నవే తీసుకున్నాను. అన్నం, తమ్ముడు, కొత్తిమీర, మేస్త్రి. 'మేస్త్రి'లో స కింద రెండు ఒత్తులు చూసి "దీని కింద ఇద్దరున్నారు మేడమ్" అంది. దాన్ని చివరికి వాయిదా వేశాం.

సమయం ఎక్కడిది అనే ప్రశ్నకు జవాబు: రోజూ పది నిమిషాలు, మిగతా పిల్లలు సొంతంగా చేసుకునే పని ఇచ్చినప్పుడు. మదనపల్లె దగ్గర రిషి వ్యాలీ వాళ్లు గ్రామీణ బడుల కోసం తయారుచేసిన కార్డుల పద్ధతిలో నాకు పనికొచ్చింది ఒక ముఖ్యమైన ఆలోచన. గదిలో అందరికీ ఒకే సమయంలో టీచర్ అవసరం ఉండదు. ఒక గుంపుకు టీచర్ పూర్తిగా కావాలి, ఇంకో గుంపుకు అప్పుడప్పుడు చూస్తే చాలు, మరికొందరు తోటివాళ్లతో చేసుకుంటారు, కొందరు సొంతంగా చేసుకుంటారు. ఈ విభజన రోజూ మారుతూ ఉండాలి. ఎప్పుడూ ఒకే గుంపు టీచర్ పక్కన కూర్చుంటే వాళ్లకు 'మొద్దు బ్యాచ్' అనే ముద్ర పడుతుంది. పాప నా పక్కన ఉన్న పది నిమిషాలు గణితం బాగా చేసే పిల్లలు సొంతంగా చేసుకునేవాళ్లు. గణితం పీరియడ్‌లో పాప సొంతంగా చేసుకునేది, నేను వేరేవాళ్ల దగ్గర ఉండేదాన్ని.

పదం మెట్టు దగ్గరే ఆగిన ఒక అబ్బాయి గురించి కూడా చెప్పాలి. అదే పరీక్ష, అదే మెట్టు, అదే గుంపు. వాడి తప్పులు రాసుకుంటే ఒత్తులతో సంబంధమే లేదు. మొదటి అక్షరం చూసి మిగతాది ఊహించేస్తున్నాడు. వాడికి పాట, పీట, పూట, పేట అని నాలుగు కార్డులు ఇచ్చాను. మొదలూ చివరా ఒకటే కాబట్టి గుణింతపు గుర్తు చూడక తప్పదు. ఈ కార్డులు పాపకు ఇస్తే ఆవలిస్తుంది, పాప అట్టముక్కలు వాడికి ఇస్తే ఆట వస్తువులు. పరీక్షలో వచ్చిన మెట్టు పిల్ల ఎక్కడ ఆగిందో చెబుతుంది, ఎందుకు ఆగిందో చెప్పదు. మెట్టును బట్టి గుంపు కట్టడం దాకా మనం బాగానే చేస్తున్నాం, పాఠం కూడా మెట్టును బట్టే ఇచ్చేస్తున్నాం. ఇబ్బందంతా అక్కడే అని నా అభిప్రాయం.

సుగ్గికి ముందు, తర్వాత

డిసెంబరు నాటికి పాప పేరా చదవగలిగింది. వేగం లేదు. ఒత్తు వచ్చిన ప్రతిచోటా ఒక క్షణం ఆగేది, వేలు కదిపేది, తప్పు చదివితే తనే వెనక్కి వచ్చి సరిచేసుకునేది. నాకు ఈ చివరిది వేగం కంటే ముఖ్యం. తనకు తానే సరిదిద్దుకునే పిల్ల టీచర్ లేని చోట కూడా చదవగలదు, పాప వెళ్లబోయేది అలాంటి చోటికే.

వెళ్లకుండా ఆపడానికి ప్రయత్నించకపోలేదు. వలస కుటుంబాల పిల్లల కోసం సమగ్ర శిక్ష అనే ప్రభుత్వ పథకం కింద సీజనల్ హాస్టళ్లు పెడతారు, పాపను అందులో ఉంచమని అడిగాను. చిన్న పిల్లాణ్ణి చేలో ఎవరు చూస్తారని వాళ్ల ప్రశ్న. దానికి నా దగ్గర జవాబు లేదు. ఏ ఊరికి వెళ్తే ఆ ఊరి బడిలో, టీసీ లేకపోయినా చేర్చుకోవాలని విద్యా హక్కు చట్టం చెబుతుంది. చేలో గుడిసె వేసుకుని, మేస్త్రి చెప్పినప్పుడల్లా చేను మారే కుటుంబానికి అది కాగితం మీది మాటే.

పోయే పిల్లను ఆపలేనప్పుడు ఏం ఇచ్చి పంపాలి అని ఆలోచించాను. వాచకం ఇస్తే తెరవదు. ఒక చిన్న నోట్‌బుక్ ఇచ్చి, ఒత్తున్న పదం ఎక్కడ కనబడినా చూసి రాసుకు రమ్మన్నాను. లారీ మీద, ఎరువు బస్తా మీద, గోడ మీద ఎక్కడైనా సరే. అర్థం తెలియాల్సిన పని లేదు, రాసి, ఒకసారి పైకి చదువుకుంటే చాలు.

ఉగాది దాటాక వచ్చింది. నోట్‌బుక్ సగం దాకా ఉంది, మిగతా సగం తమ్ముడు చించాడట. ఉన్న సగంలో పురుగుమందు డబ్బాల మీది పేర్లు, ఊళ్ల పేర్లు, ఏదో ఎన్నికల నినాదంలో ఒక ముక్క. కొన్ని తప్పుగా ఎక్కించుకుంది. చదివించి చూస్తే చ, డ, ట, ద ఒత్తులు చెక్కు చెదరలేదు. మ, ల నిలిచాయి. త ఒత్తు, న ఒత్తు ఒకదానితో ఒకటి తారుమారయ్యాయి. వారం పది రోజుల్లో అవి మళ్లీ పట్టుబడ్డాయి. అంతకు ముందు ఏళ్లలో సుగ్గి నుంచి వచ్చిన ప్రతిసారీ మొదటికి వచ్చేది కాబట్టి, ఇది నాకు పెద్ద తేడా. నేర్పినది నిలుస్తోందని తేలింది. భవిత కేంద్రానికి రాయాల్సిన అవసరం ప్రస్తుతానికి లేదని మా సార్, నేను ఇద్దరం అనుకున్నాం.

ఈ ఏడాది మార్చినవి

అరవై మంది పిల్లల తప్పులూ ఇలా రాసుకోవడం కుదరదు, కుదురుతుందని ఎవరికీ చెప్పను. రెండు పరీక్షల మధ్య మెట్టు మారని పిల్లలకు మాత్రమే చేస్తున్నాను. అలాంటివాళ్లు గదికి నలుగురైదుగురు ఉంటారు. ఒక్కొక్కరికి ఒక పేజీ చదివించి రాసుకోవడానికి పావుగంట పడుతుంది. ఆ పావుగంటకు ముందు పాత హాజరు పట్టీ తీసి, ఏ నెలల్లో లేరో చూస్తాను. సగం జవాబు చాలాసార్లు అక్కడే దొరుకుతోంది.

సుగ్గికి వెళ్లే ఇళ్ల పిల్లలకు ఒకటో తరగతి అక్షరాలు అయ్యీ కాకముందే, ఏదో ఒక మేర ఒత్తులు దసరా లోపు పరిచయం చేయాలని మా సార్, నేను కలిసి వరస మార్చుకున్నాం. గుణింతాలు పూర్తికాకుండా ఒత్తులేమిటని మొదట మా ఇద్దరి మధ్య కొంత వాదన జరిగింది. ఆయన అభ్యంతరంలో నిజముంది, ఒకరిద్దరు చిన్నపిల్లలు గందరగోళపడ్డారు. వాళ్లకు మళ్లీ నెమ్మదించాం.

పాప ఇప్పుడు ఐదో తరగతి. కథ మెట్టు దగ్గర ఉంది, అచ్చులో ఏది ఇచ్చినా మెల్లగా చదువుకుంటుంది. రాయడం మాత్రం ఇంకా చదవడం కంటే చాలా వెనక ఉంది. డిక్టేషన్‌లో 'ఖర్చు'ను "ఖరుచు" అని, 'చక్రం'ను "చకరం" అని రాస్తోంది. చదివేటప్పుడు గుడిని కిందికి జరపడం నేర్చుకుంది, రాసేటప్పుడు దాన్ని పైకి ఎక్కించడం వేరే పని. అట్టముక్కలను ఇప్పుడు తిరగేసి వాడుతున్నాం: ముందు నేను పలుకుతాను, తను పేరుస్తుంది, తర్వాత ముక్కలు తీసేసి రాస్తుంది. గణితంలో జనవరి తర్వాత వచ్చే పాఠాలు ఏవేవి పోయాయో చూసే పని ఇంకా మొదలుపెట్టలేదు. ఆరో తరగతికి హైస్కూల్‌కు పంపేలోపు అది కూడా రాసి, తెలుగు టీచర్‌కు, గణితం టీచర్‌కు చెరొక కాగితం ఇవ్వాలి.